సుగ్గినాటి స్తోత్రం: హోసూరు, కృష్ణగిరి సీమల్లో కోత పండుగ ప్రసంగం

హరికథకూ, పురాణ ప్రవచనానికీ, బుర్రకథకూ మన సాహిత్య చరిత్రల్లో ఏదో ఒక మేరకు చోటు దొరికింది. ఆదివారం ఉదయం చర్చిలో పాస్టరుగారు నోటితో చెప్పే ప్రసంగానికి ఆ చోటు దాదాపు లేదు. అది మతానికి సంబంధించిన సంగతి, సాహిత్యానికి దానితో ఏం పని అన్న అభిప్రాయం దీనికి కారణం కావచ్చు. అయితే లండన్ మిషనరీ సంఘం వారు విశాఖపట్నంలో 1805లో పని మొదలుపెట్టింది లగాయతు లెక్క వేసుకున్నా, రెండు వందల ఏళ్ళకు పైగా తెలుగులో సాగుతున్న వచన ప్రక్రియ ఇది. వినేవారిలో చదువురానివారూ, చదువు వేరే భాషలో నేర్చినవారూ ఎక్కువ. వారికి నిత్యజీవితానికి మించిన విషయాలను గురించి తెలుగులో ఆలోచించే అవకాశం వారానికి ఒకసారి ఇక్కడే దొరుకుతుంది. విమర్శకుడు పట్టించుకోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఈ ప్రసంగాల్లో కోత పండుగనాడు చెప్పేవి ఒక ప్రత్యేకమైన తరగతి. ఆనాడు విశ్వాసులు ధాన్యం, కాయగూరలు, గుమ్మడికాయలు, కోళ్ళు, గుడ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. సమృద్ధిగా పంట ఇచ్చిన దేవునికి కృతజ్ఞత చెల్లించాలని బోధకుడు చెబుతాడు. ఆరాధన అయ్యాక వాటిని ఏలం వేస్తారు. తమిళ సంఘాల్లో దీన్ని అఱుప్పిన్ పండిగై అంటారు. మన విద్యార్థుల్లో క్రైస్తవులు కానివారికి ఇది సంక్రాంతి లాంటిదని చెబితే సగం అర్థమవుతుంది. సంక్రాంతికి ప్రసంగం ఉండదు, దీనికి ఉంటుంది. ఆ ప్రసంగం గురించే ఈ వ్యాసం. మెట్ట పంటల సీమలో సమృద్ధికి కృతజ్ఞత చెప్పే మాట నిజం కావాలంటే ఏ పంట, ఎవరు కోశారు, ఏ ధరకు పోయింది అన్న సంగతులు అందులో ఉండాలి. అవి లేని ప్రసంగంలో ఎంత భక్తి ఉన్నా భాష డొల్లగా మోగుతుంది.

ముందు సీమ సంగతి. హోసూరు, కృష్ణగిరి ఒకప్పటి సేలం జిల్లాలోనివి. 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి వచ్చాయి. హోసూరు చుట్టుపక్కల మొరసునాడు అనే పాత పేరు ఇంకా కొందరి నోట ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, ఎల్ల దాటితే కన్నడం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరువాత ఇక్కడి తెలుగు పిల్లల చదువు క్రమంగా తమిళం వైపు మళ్ళింది. అందువల్ల గ్రంథాన్ని తమిళంలో చదివి తెలుగులో వివరించే బోధకుడు ఇక్కడ వింత కాదు. రాసుకోవడం ఒక లిపిలో, మాట్లాడటం ఇంకో భాషలో. దీన్ని లోపంగా చూడనక్కరలేదు. రాత తెలుగు బిగువు లేకపోవడం వల్ల ఆ మాట ఇంటి మాటకు దగ్గరగా ఉంటుంది. కాని పుస్తకపు మాటలను అచ్చుగుద్దినట్టు తెచ్చుకుంటే ఆ లాభం పోతుంది.

ఇక పంట. కృష్ణగిరి దగ్గర దక్షిణ పినాకిని మీద ఆనకట్ట ఉంది, దాని కింద వరి ఉంది. అది కొంత మేరకే. హోసూరు, దెంకణికోట, తళి, శూలగిరి వైపు నేల ఎక్కువగా మానావారి, అంటే వానను నమ్ముకున్న చేను. రాగి ముఖ్యమైన పంట. సాళ్ళ నడుమ అనుములు, కందులు, ఆవాలు, ఆముదాలు వేస్తారు. వాన మొహం చాటేసి రాగి ఎండినా అనుములైనా చేతికి వస్తాయన్నది రైతు లెక్క. (పొలంలో రెండు రకాల విత్తనాలు కలిపి చల్లరాదని లేవీయకాండము 19వ అధ్యాయంలో ఒక విధి ఉంది. ఈ సీమలో దాని మీద ప్రసంగం చేయడానికి ధైర్యం కావాలి.) రాగి వెన్నులను తారురోడ్డు మీద పరిచి లారీల చేత తొక్కించి నూర్చుకోవడం ఈ దారుల్లో వెళ్ళేవారందరూ చూసే దృశ్యమే. నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టరాదన్న మోషే ధర్మానికి లారీ విషయంలో ఏం వ్యాఖ్యానం చెప్పాలో తెలియదు.

ఇలాంటి చోటికి కోత పండుగ ఎలా వచ్చింది? ఇప్పుడు మనం చూసే రూపానికి మూలం ఇంగ్లండు. కార్న్‌వాల్ ప్రాంతంలోని మోర్వెన్‌స్టో అనే ఊళ్ళో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు 1843లో చర్చిలో పంట కృతజ్ఞతారాధన జరిపాడు. ఆ వాడుక దేశమంతా పాకింది. ఆ పండుగ పాటల్లో పేరున్న ఒకదాన్ని 1782లో మత్తియాస్ క్లౌడియుస్ జర్మన్ భాషలో రాస్తే, 1861లో జేన్ కాంప్‌బెల్ ఇంగ్లీషులోకి తెచ్చింది. దేవుని ఈవుల్లో చలికాలపు మంచు కూడా అందులో ఉంది. మంచు ఎరుగని దేశాల్లోనూ అది శ్రద్ధగా పాడారు. అరువు తెచ్చుకున్న కృతజ్ఞత ఎలా ఉంటుందో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

తెలుగు నేలలో ఆ అరువును సొంతం చేసినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు. మన విద్యార్థులకు ఆయన కథ ప్రత్యేకంగా పనికివస్తుంది. 1874లో తిరునల్వేలి సీమలో పుట్టిన తమిళుడు. తెలుగు దేశానికి వెళ్ళి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న మరణించేదాకా ఆ పని విడవలేదు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు, పరుల పొలాల్లో కూలి చేసుకునేవారు. వారి చేత అజరయ్య ధాన్యం రూపంలో, కోడి రూపంలో కానుకలు ఇప్పించాడు. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి విడిగా ఉంచే పద్ధతిని ప్రోత్సహించాడు. మిజోరంలో స్త్రీలు 1910లో మొదలుపెట్టిన బుహ్‌ఫాయ్ థామ్ అనే ఆచారం కూడా ఇలాంటిదే. ఈ పిడికిట్లో ఒక సాహిత్య సూక్ష్మం ఉంది. కళ్ళంలో రాశి నుంచి ఇచ్చేది భూమి ఉన్నవాడి కృతజ్ఞత. అన్నం వండే కుండ నుంచి ఇచ్చేదానికి భూమి అక్కరలేదు. కూలికి వచ్చిన గింజతోనైనా అది కుదురుతుంది. అంటే పండుగను పొలం గట్టు నుంచి పొయ్యి గట్టుకు మార్చాడన్నమాట. తరువాత వచ్చిన ప్రసంగాలు చాలావరకు తిరిగి పొలం గట్టుకే వెళ్ళాయి, అదీ వరి పొలం గట్టుకు.

ఆ ప్రసంగాల్లోని పదాలు గమనించండి. సమృద్ధి, ఆశీర్వాదం, కృతజ్ఞతాస్తుతులు, ప్రథమ ఫలాలు, పొంగి పొరలడం. తప్పు పదాలు కావు. కాలువ కింద పండే నేలకు కొంత సరిపోతాయి కూడా. కాని రాగి చేను పొంగి పొరలదు. ఇక్కడివారికి మంచి ఏడు అంటే వచ్చే ఏటికి సరిపడా సంగటి ఉండటం. రాయలసీమలోనూ కన్నడ ఎల్లలోనూ కోతల కాలానికి సుగ్గి అన్న చక్కని మాట ఉంది. దీవెన అన్న మాట ముసలివాళ్ళ నోట ఇంకా బతికే ఉంది. తెలుగు కళ్ళం, తమిళ కళం, కన్నడ కణం ఒక్క మూలం నుంచి వచ్చినవే కాబట్టి ఈ మూడు భాషల కూడలిలో ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు. ఇంత సొత్తు దగ్గర పెట్టుకుని సమృద్ధి అన్న ఒక్క పదంతో గంటసేపు గడపడం చూస్తే విచారం కలుగుతుంది.

ఇంకా లోతైన సంగతి ఒకటుంది. పంట గురించి మాట్లాడటంలో తెలుగువాడికి ఒక జంకు ఉంది. రాశి కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు, తరువాత రెండు అంటారు. ఇంట్లో బియ్యం అయిపోతే లేవు అనరు, నిండుకున్నాయి అంటారు. లేమిని పలకడానికి నిండుదనపు మాట వాడే భాష ఇది. నిండుదనాన్ని గట్టిగా చాటుకోవడానికి కూడా అంతే జంకుతుంది, దిష్టి తగులుతుందని. ఈ భాషలో నిలబడి, మీ కొట్లు నిండాయి స్తోత్రం చెప్పండి అని బోధకుడు అంటే, ఎదుట కూర్చున్న రైతు లోపల కొంచెం ముడుచుకుంటాడు. ఆ ముడుచుకోవడాన్ని అవిశ్వాసం అనకూడదు. లాభం అన్న తొలి కొలతలో ఒక వినయం ఉంది. లెక్క నాతో మొదలు కాలేదు, ఎవరో ఇచ్చినదానితో మొదలైంది అన్న భావం అందులో ఉందని నేను అనుకుంటాను. ప్రథమ ఫలాల మీద ప్రసంగించేవాడికి ఇంతకంటే దగ్గరి ఉపమానం దొరకదు.

గ్రంథంలో కూడా ఈ సీమకు సరిపడే ఘట్టాలు లేకపోలేదు. ద్వితీయోపదేశకాండము 11వ అధ్యాయంలో రెండు దేశాల పోలిక ఉంది. ఐగుప్తులో విత్తి, కాలితో నీరు కట్టి పండించేవారు. వెళ్ళబోయే దేశం కొండలూ లోయలూ గలది, ఆకాశపు వాన తాగేది. ఒకటి కాలువ నేల, రెండోది మానావారి. గ్రంథకర్త దేవుని చూపు ఎల్లప్పుడూ ఉండే భూమిగా చెప్పింది రెండోదాన్ని. వానను నమ్ముకున్నవాడు ఏటేటా పైకి చూడవలసిందే గదా. దెంకణికోట రైతుకు ఇది వివరించనక్కరలేదు, చదివితే చాలు.

అదే గ్రంథంలో 26వ అధ్యాయం నా దృష్టిలో కోత పండుగ ప్రసంగాలన్నింటికీ మాతృక. రైతు తొలి పంటను గంపలో పెట్టుకుని యాజకుడి దగ్గరికి వస్తాడు. అక్కడ అతను పంట ఎంత వచ్చిందో చెప్పడు. తన పూర్వికుడు దిక్కులేక తిరిగిన సంగతితో మొదలుపెట్టి, పరదేశంలో కొద్దిమందిగా బతకడం, వెట్టి చాకిరీ, మొరపెట్టుకోవడం, విడుదల, ఈ నేల, చివరికి ఈ గంప దాకా వస్తాడు. కృతజ్ఞత ఇక్కడ చరిత్ర చెప్పడంగా మారింది. పైగా చివర, ఇంట్లో ఉన్న పరదేశితో కలిసి సంతోషించాలన్న నియమం ఉంది. తమ తాతలు ఎటునుంచి ఈ ఎల్లలోకి వచ్చారో కథగా చెప్పుకునే కుటుంబాలు ఈ సీమలో ఎన్నో. వారి నోట ఈ ఘట్టం తమ కథగా పలకగలదు. అలా పలికించిన ప్రసంగం సాహిత్యం అవుతుంది.

కొట్ల విషయానికి వద్దాం. లూకా 12వ అధ్యాయంలోని ధనవంతుడి ఉపమానం ఈ పండుగకు బాగా వాడుకలో ఉంది. పంట విస్తారంగా పండితే అతను పాత కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. దీన్నిబట్టి దాచుకోవడమే పాపమన్నట్టు చెప్పేస్తారు. రాగి సీమలో అది చెల్లదు. రాగి ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా నిలిచే గింజ. పాతరలో పోసి మూసి, కరువు ఏట తీసుకునేవారు. ఆదికాండము 41లో యోసేపు చేసింది ఆ పనే, దానికి గ్రంథం అతన్ని మెచ్చుకుంది. తేడా దాచడంలో లేదు. ధనవంతుడి మాటల్లో నా పంట, నా కొట్లు, నా ప్రాణం తప్ప ఇంకో మనిషి లేడు. యోసేపు కొట్లు కరువులో తెరుచుకున్నాయి. ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి పాతర మీద మాట్లాడితే ఊరంతా వింటుంది.

మరో వాడుకను గట్టిగానే విమర్శించాలి. పౌలు 2 కొరింథీయులకు 9వ అధ్యాయంలో కొంచెంగా విత్తేవాడి గురించీ, సమృద్ధిగా విత్తేవాడి గురించీ రాశాడు. దాన్ని పట్టుకుని కానుకే విత్తనం, ఎంత వేస్తే అంతకు పదింతలు పంట అని చెప్పడం టెలివిజన్ ప్రసంగాల కాలంలో బాగా ముదిరింది. పౌలు ఆ మాట రాసింది యెరూషలేములోని బీదవారి కోసం చందా పోగుచేస్తున్నప్పుడు. ఆ విత్తనం పడవలసింది ఆకలిగొన్నవారి కంచంలో. విత్తనం, పంట అన్నవి వ్యాపార లెక్కలుగా మారిన క్షణంలో కృతజ్ఞత అన్న మాటకు పని లేకుండా పోతుంది, బాకీ వసూలుకు ఎవరు కృతజ్ఞత చెబుతారు? ఇదే పౌలు లుస్త్రలో పల్లెజనం ముందు నిలబడినప్పుడు చెప్పింది వేరు (అపొస్తలుల కార్యములు 14). అక్కడివారు ఎద్దులనూ పూలదండలనూ తెచ్చి అతనికే బలి ఇవ్వబోయారు. మాట్టు పొంగలు చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. వాళ్ళతో పౌలు పితరుల గ్రంథం ఎత్తలేదు. ఇన్నాళ్ళూ మీకు వాన కురిసింది, రుతువుల్లో పంట పండింది, మీ గుండెలు సంతోషించాయి, అది దేవుడు మీ మధ్య ఉంచిన సాక్ష్యం అన్నాడు. బోధ వినకముందే, కానుక వేయకముందే వచ్చిన వాన అది.

సమృద్ధే చేటు తెచ్చే సందర్భాన్ని కూడా ఈ సీమ బోధకుడు తప్పించుకోలేడు. కృష్ణగిరి మామిడికి పేరు. తోతాపురి అనీ బెంగళూర అనీ పిలిచే కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. 2025 వేసవిలో కాయ విరగకాసింది, ధర పడిపోయింది. కృష్ణగిరిలోనూ, పక్కనున్న చిత్తూరులోనూ రైతులు కోత కూలి, బండి బాడుగ లెక్క వేసుకుని తలపట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 4 రూపాయల వంతున సాయం ప్రకటించవలసి వచ్చింది. చెట్టు నిండా కాయ ఉంది, చేతిలో డబ్బు లేదు. ఇది దీవెనా, కాదా? కోత పండుగ ప్రసంగం ఈ ప్రశ్నను తప్పుకుంటే తోట నుంచి వచ్చినవాడు దాన్ని మనసులో పెట్టుకునే ఇంటికి పోతాడు. వాన దేవునిదైతే తూకం, ధర మనుషులవి. ఆమోసు 8వ అధ్యాయంలో ధాన్యపు వర్తకుల కొలతల మోసం మీద ఉన్న కోపం ఇక్కడ పనికివస్తుంది. కాని పండుగనాడు ఆమోసును పిలిచేవారు అరుదు.

కోసినవారి మాట ఇంకా అరుదు. లేవీయకాండము 23 పండుగల పట్టిక. ఆ పట్టిక మధ్యలో, ఎవరూ అడగకుండానే, పొలం అంచులు పూర్తిగా కోయవద్దనీ, పరిగె బీదలకూ పరదేశులకూ విడవాలనీ ఒక వాక్యం వస్తుంది. పరిగె ఏరుకున్న రూతు పరాయి దేశపు పిల్ల. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్ళి, కోసినవారికి ఎగ్గొట్టిన కూలి మొర పెడుతుందంటుంది. చేలల్లో వినపడే ధ్వనుల్లో స్తోత్రం ఒకటైతే ఇది రెండోది. అజరయ్య సంఘాల వంటి సంఘాలకు ఈ రెండో ధ్వని పరాయిది కాదు. ఇవాళ హోసూరు 2019 నుంచి నగరపాలక సంస్థ. చర్చిలో కూర్చునేవారిలో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవారు ఎందరో. వారికి కోత ఏది? జీతం రోజా? ఏలంలో పాట పెంచి నిమ్మకాయను వందలకు కొనడం వారికి వినోదంగా ఉంటుందేమో గాని, ఇద్దరు బిడ్డల తల్లి తెచ్చిన రెండు గుడ్ల పక్కన అది కాస్త ఇబ్బందిగానే కనిపిస్తుంది.

చివరగా కరువు. 1876-78 నాటి మహాకరువు మద్రాసు రాజధానిని కాల్చేసింది. హోసూరు తాలూకా ఉన్న సేలం జిల్లా తీవ్రంగా దెబ్బతిన్నది, 1871 లెక్కల కంటే 1881 లెక్కల్లో అక్కడి జనం తగ్గిపోయారు. అదే కరువులో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని కూలి పనులు చూపించాడు. ఆ పనులు సాగినన్నాళ్ళూ అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు క్రైస్తవంలోని అతిపెద్ద ఘట్టాల్లో ఒకటి పంట పండిన ఏట జరగలేదన్నమాట. హబక్కూకు 3వ అధ్యాయపు చివరి పద్యంలో అంజూరం పూయదు, చేను పండదు, దొడ్డిలో పశువు ఉండదు, అయినా ప్రవక్త సంతోషం మానడు. ఆ పద్యాన్ని కోత పండుగనాడు చదివే సంఘం ఉంటే, ఆనాటి ప్రసంగాన్ని మన విద్యార్థులు తప్పక వినాలి. వీలైతే టేపు మీదో ఫోనులోనో పట్టుకోవాలి. రాగి కోతలు కార్తీక మార్గశిరాల్లో, మామిడి వైశాఖ జ్యేష్ఠాల్లో. రెండు రుతువుల్లోనూ వెళ్ళడం మంచిది.